టెండర్లు, గ్రాంట్ల లీగల్ ట్రైనీషిప్: రాయగడలో ఎలా ఉంటుంది?

లా చదివిన మన పిల్లల్లో చాలామందికి ట్రైనీ అంటే నల్లకోటు వేసుకుని సీనియర్ వెనకాల ఫైళ్లు మోయడమే. టెండర్లు, ప్రభుత్వ గ్రాంట్ల పని చూసే ఆఫీసులో ఆ కోటు బీరువాలోనే ఉంటుంది. ఒడిశాలోని రాయగడలో అలాంటి ఒక ఆఫీసులో ట్రైనీగా చేరి, గడువు అయ్యాక కూడా అక్కడే ఉండిపోయాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను. ముందే చెప్పేస్తున్నాను: అందరూ టెండర్లు నేర్చుకుందామని చేరతారు, పని నిజంగా నేర్చుకునేది మాత్రం గ్రాంట్ల దగ్గరే.

టెండర్ల వైపు మొదట్లో అంతా డీటీసీఎన్‌లు చదవడమే. ఒడిశాలో టెండరు షరతుల పుస్తకాన్ని (డిటెయిల్డ్ టెండర్ కాల్ నోటీస్) అలాగే అంటారు. సగానికి పైగా ప్రతిసారీ అవే పేజీలు. మారిన నాలుగైదు క్లాజులు పట్టుకోవడమే ట్రైనీ పని. కాంట్రాక్టరు లైసెన్సు క్లాసు, ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు), జీఎస్టీ, అఫిడవిట్, ఆ శాఖ ఇంజనీర్లలో మనకు చుట్టాలెవరూ లేరని ఇచ్చే నో రిలేషన్‌షిప్ సర్టిఫికెట్, అన్నీ టిక్కు పెట్టుకుంటూ పోవాలి. తర్వాత ఆన్‌లైన్ టెండరు పోర్టల్. డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) డాంగిల్ పెట్టి, రేటు నింపే బీఓక్యూ ఎక్సెల్ ఫైలు అప్‌లోడ్ చేయాలి. ఆ ఫైలు పేరు మార్చితే సిస్టమ్ తీసుకోదు. అంచనా విలువకి ఎంత శాతం తక్కువకో ఎక్కువకో చేస్తామని వేసే పర్సెంటేజీ టెండరైతే లెస్సా, ఎక్సెసా అని ఎంచుకునే చిన్న గడి ఒకటుంటుంది. అక్కడ తప్పు నొక్కితే తక్కువకి చేస్తామన్నవాడు ఎక్కువ అడిగినవాడైపోతాడు. గడువు రోజున సర్వర్ తిరుగుతూ ఉంటే ఆ టెన్షన్ చెప్పలేం.

ఇంత కష్టపడ్డాక చాలా పనులు తేలేది చీటీ మీద. నేను చదివిన డీటీసీఎన్‌లలో చాలావాటిలో అంచనా విలువ మీద 15 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గిస్తే బిడ్ చెల్లదని ఉండేది. అందుకని అందరూ కచ్చితంగా 14.99 శాతం తక్కువకే వేసేవారు. అందరిదీ ఒకే రేటు కాబట్టి బిడ్డర్ల ముందు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ సమక్షంలో లాటరీ తీసేవారు. లా చదివింది ఇందుకా అనిపించేది, నిజం.

ఓడినవాళ్లు నేరుగా మా దగ్గరికే వస్తారు. పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ పనులు చేసే కాంట్రాక్టర్లు మరీను. “ఏటి లాయరు బాబూ, కేసేస్తే నెగ్గుతామా లేదా, అది సెప్పు ముందు” అంటారు. ఆ జవాబు చెప్పడం నేర్చుకోవడమే ఈ వైపు దక్కిన అసలు చదువు. టాటా సెల్యులర్ కేసులో 1994లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది: కోర్టు చూసేది నిర్ణయం తీసుకున్న పద్ధతిని, నిర్ణయాన్ని కాదు. మన ఒడిశా నుంచే వెళ్లిన జగదీశ్ మండల్ కేసులో, 2006 డిసెంబరులో, రెండు ప్రశ్నలు పెట్టింది. దురుద్దేశంతోనో, ఎవరికో మేలు చేయాలనో, మరీ అడ్డగోలుగానో చేశారా? ప్రజాప్రయోజనానికి దెబ్బ తగిలిందా? రెండింటికీ కాదనే జవాబు వస్తే కోర్టు వేలు పెట్టదు. రాత్రి హీరాఖండ్ రైలెక్కి భువనేశ్వర్‌లో దిగి, అక్కణ్ణించి కటక్ హైకోర్టుకి పోయే ఖర్చు ఎవరు పెట్టుకోవాలో, ఎవరు ఇంట్లో కూర్చోవాలో ఈ రెండు ప్రశ్నలతోనే తేలిపోతుంది.

ఇక గ్రాంట్లు. హాస్టళ్లు నడిపే సంస్థలు, పంచాయతీలు, ట్రస్టులు మా దగ్గరికి తెచ్చేది యూసీల (గ్రాంటు డబ్బు దేనికి ఖర్చుపెట్టారో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ల) గొడవే. కేంద్రం డబ్బైతే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ వర్తిస్తాయి, సంస్థలకి 12-ఏ ఫారం. చూడ్డానికి చిన్నదే, కానీ జీతాలు, మామూలు ఖర్చులు, ఆస్తుల కొనుగోలు మూడూ విడివిడిగా చూపాలి. వడ్డీకి వేరే గడి. అక్కడే అందరూ దొరికిపోతారు. సంస్థ వడ్డీ సున్నా అని రాసుకొస్తుంది, బ్యాంకు పాస్‌బుక్కులో మూణ్నెల్లకోసారి వడ్డీ పడుతూనే ఉంటుంది. ఆ వడ్డీ కేంద్ర ఖజానాకి తిరిగి కట్టాల్సిందేనని 230వ రూలు. ఒక్కసారిగా ఇచ్చే గ్రాంటుకి ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలల్లోగా యూసీ పంపాలని 238వ రూలు. పాస్‌బుక్కు, ఓచర్లు, మంజూరు లెటరు పక్కపక్కన పెట్టుకుని ఒక ఫైలు పూర్తిగా విప్పితే, క్లాసులో అడ్మినిస్ట్రేటివ్ లా పేపరు ఎందుకు పెట్టారో అప్పుడు బుర్రకెక్కుతుంది.

రాయగడ రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద వచ్చే ఆదివాసీ ప్రాంతం కాబట్టి ఇంకో సంగతి ఉంది. ఇలాంటి ప్రాంతాల పంచాయతీలకి వర్తించే 1996 పెసా చట్టం సెక్షన్ 4(ఎఫ్) ప్రకారం పంచాయతీ పెట్టిన ఖర్చుకి గ్రామసభ ధ్రువీకరణ కావాలి. ఒకసారి అలాంటి గ్రామసభ తీర్మానం కాగితం నా చేతికొచ్చింది. రాత ఒడియాలో, వేలిముద్రలన్నీ ఒకే సిరా మరకతో, ఒకే కోణంలో. ఊళ్లో మాట్లాడేది కుయీ అనే ఆదివాసీ భాష. అది చదివి వినిపించిందెవరు, విన్నదెవరు అని మా సీనియర్ అడిగితే పంచాయతీ నుంచి వచ్చినాయన ఫ్యాను వైపు చూశాడు. కాగితం వెనక్కి పంపాం.

చెడు చెప్పాలంటే స్టైపెండుతో మొదలుపెట్టాలి. టీకి, ఆటోకి సరి, అదీ ఆలస్యంగా. డ్రాఫ్టింగ్ చేతికి రావడానికి చాలా కాలం పట్టింది. జవాబు నోటీసులు సీనియరే రాసుకునేవారు, నాకు అనుబంధాలకి నంబర్లు వేసే పని. ఒడియా మాట్లాడటం వస్తే చాలదు, చేతిరాత చదవడం రావాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకి ఇదే పెద్ద అడ్డం.

కాలేజీలో ఉండగానే వస్తామనేవాళ్లకి ఒక మాట. బార్ కౌన్సిల్ రూల్స్ ప్రకారం మూడేళ్ల కోర్సుకి 12 వారాలు, ఐదేళ్ల దానికి 20 వారాలు ఇంటర్న్‌షిప్ ఉండాలి గానీ, ఏడాదిలో ఏకధాటిగా నాలుగు వారాలు దాటకూడదు. ఆ నాలుగు వారాల్లో ఒక్క టెండరు కూడా నోటీసు నుంచి అగ్రిమెంటు దాకా చూడలేరు. అడ్వొకేటుగా ఎన్‌రోల్ అయ్యాక వచ్చేవాళ్లయితే అపాయింట్‌మెంట్ లెటరు ఒకటికి రెండుసార్లు చదవండి. అడ్వొకేటు పూర్తికాలం జీతగాడిగా ఉండకూడదని బార్ కౌన్సిల్ 49వ రూలు. కాంట్రాక్టు కంపెనీలు దీన్ని పట్టించుకోకుండా ‘ఉద్యోగి’ అని రాసేస్తుంటాయి.

చేరే ముందు ఇంకొకటి అడగండి: యూసీ ఫైళ్లు నా చేతికిస్తారా అని. ఇవ్వం అంటే వేరే ఆఫీసు చూసుకోండి. ఇస్తామంటే స్టైపెండు సంగతి కొంచెం అటూ ఇటూ అయినా నేనైతే చేరతాను.