థర్మోపైలేనా, సలామిసా: ఎవరి నిర్ణయం మేలు?

క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి జెర్క్సెస్ గ్రీసు మీదికి దండెత్తినప్పుడు స్పార్టా రాజు లియోనిడాస్, ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ ఇద్దరూ నమ్ముకున్నది ఒకటే, ఇరుకు చోటు. ఎంత పెద్ద సైన్యమైనా సందులో ఇరుక్కుంటే దాని బలం సగమే. లియోనిడాస్ థర్మోపైలే కనుమను పట్టుకున్నాడు. థెమిస్టోక్లీస్ ఏథెన్స్ దగ్గరి సలామిస్ జలసంధిని పట్టుకున్నాడు. పేరు లియోనిడాస్‌కే ఎక్కువ వచ్చింది. నా ఓటు మాత్రం థెమిస్టోక్లీస్‌కే.

ఇరుకు చోటుతో చిక్కేమిటంటే, దానికి ఎక్కడో ఒక దొడ్డిదారి ఉంటుంది.

థర్మోపైలేలో ఉన్నది 300 మంది స్పార్టన్లే అనుకుంటాం గానీ, మొదట్లో గ్రీకులు 7,000 దాకా ఉన్నారు. కొండకీ సముద్రానికీ మధ్య సన్నటి దారి. గ్రీకుల పొడవాటి ఈటెల ముందు పర్షియన్ల పొట్టి ఈటెలు ఆగలేదు. రెండు రోజులు ఒక్క అడుగు కూడా ముందుకు రానివ్వలేదు. కొండ మీదుగా కాలిబాట ఉందని లియోనిడాస్‌కి తెలుసు. ఆ దగ్గరి ప్రాంతపు గ్రీకులైన ఫోకియన్లను 1,000 మందిని అక్కడ కాపలా పెట్టాడు. ఎఫియాల్టెస్ అనేవాడు శత్రువుకి ఆ బాట చూపించాడు. తెల్లవారుజామున గాలి కూడా లేదు. ఓక్ చెట్ల కింద రాలిన ఆకులు అడుగుల కింద గలగలమన్నాకే ఫోకియన్లు ఉలిక్కిపడి లేచారు. మీద పడే బాణాలకు శిఖరం మీదికి ఎక్కేశారు. పర్షియన్లు వాళ్లని పట్టించుకోకుండా కిందికి దిగిపోయారు. మిగతా దళాలు తప్పించుకునేలా లియోనిడాస్ ప్రాణమిచ్చాడు, థెస్పియే నగరం నుంచి వచ్చిన 700 మంది కూడా ఇష్టపడే ఆగిపోయారు. ఆ త్యాగానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ అంత కీలకమైన బాటను ఫోకియన్లకే వదిలేయడం పెద్ద పొరపాటు.

థెమిస్టోక్లీస్ పని ఇంకా ముందే మొదలైంది. లారియన్ గనుల్లో వెండి పడితే, మనిషికి పది ద్రాక్మాలు (వెండి నాణేలు) పంచుకుందాం అన్నారు ఏథెన్స్ జనం. వద్దు, ఓడలు కడదామని ఒప్పించాడు. సలామిస్‌లో గ్రీకు ఓడల్లో దాదాపు సగం ఏథెన్స్‌వే.

అప్పటికి ఏథెన్స్ ఖాళీ అయింది, తగలబడింది కూడా. మిగతా సేనానులు కోరింత్ దగ్గర రెండు సముద్రాల నడుమ సన్నటి నేల అయిన ఇస్త్‌మస్‌కి పోదామన్నారు. అక్కడ అడ్డుగోడ లేస్తోంది. వినడానికి బాగానే ఉంది కానీ, అక్కడ సముద్రం విశాలం. పర్షియన్ ఓడలు గోడని చుట్టేసి వెనక దిగితే? మళ్లీ అదే దొడ్డిదారి. ఇక్కడే పోరాడకపోతే మా ఓడలన్నీ తీసుకుని ఇటలీ పోతామని థెమిస్టోక్లీస్ బెదిరించాడు. అయినా గొడవ తెగలేదు.

అప్పుడు తన పిల్లల్ని చూసుకునే సిసిన్నస్‌ని పడవలో రహస్యంగా శత్రువు దగ్గరికి పంపాడు. గ్రీకులు పారిపోబోతున్నారు, ఇప్పుడే పట్టుకోండి అని కబురు. పర్షియన్లు నమ్మి రాత్రంతా తెడ్లు వేస్తూ దారులన్నీ కాశారు. అంటే ఈసారి దొడ్డిదారిని శత్రువే మూసేశాడు. పోదామన్న గ్రీకులకు పోరాడటం తప్ప గత్యంతరం లేకుండా పోయింది. ఓడిపోయి ఉంటే ఒక్కరూ మిగిలేవారు కాదు, నిజమే. అంత టెన్షన్‌లోనూ అతను లెక్క తప్పలేదు.

సేనానులు ఇంకా వాదించుకుంటుండగానే, థెమిస్టోక్లీస్‌కి పాత ప్రత్యర్థి అరిస్టైడీస్ ఆ కాపలాను తప్పించుకుని వచ్చి, మనల్ని చుట్టుముట్టారని చెప్పాడు. చాలామంది నమ్మలేదు. టీనోస్ దీవి ఓడ ఒకటి పర్షియన్లను వదిలి వచ్చి అదే మాట చెప్పాక లేచి యుద్ధానికి సిద్ధమయ్యారు.