ద క్రేన్స్ ఆర్ ఫ్లయింగ్: ఆ ఉడత బొమ్మ దగ్గర ఆగిపోయాను

యుద్ధం సినిమా అంటే నేను దూరం జరుగుతాను, తుపాకుల మోత నాకు పడదు. మిఖాయిల్ కలతోజోవ్ 1957లో తీసిన ఈ సోవియట్ సినిమాలో ఆ మోత తక్కువే. దెబ్బ మాత్రం గట్టిగానే తగిలింది.

మాస్కోలో వెరోనికా, బోరిస్ ప్రేమించుకుంటారు. అతను యుద్ధానికి వెళ్లిపోతూ ఆమె పుట్టినరోజుకని ఓ ఉడత బొమ్మ పంపుతాడు. దాని బుట్టలో ఒక చీటీ. అది ఆమె కంట ఎప్పుడు పడుతుందో చెప్పను. అక్కడ సినిమా ఆపేసి, లేచెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను.

బాంబు దాడయ్యాక వెరోనికా మంటల్లోనే మెట్లెక్కి తన ఇంటి తలుపు తీస్తుంది. అవతల ఇల్లు లేదు. గడియారం మాత్రం టిక్కుటిక్కుమంటోంది! బోరిస్ నేలకొరిగేటప్పుడు గిర్రున తిరిగే ఆ బర్చ్ చెట్లు... సెర్గీ ఉరుసెవ్‌స్కీ కెమెరాకి ఓ దణ్ణం. వెరోనికాగా చేసిన తతియానా సమోయిలోవా కళ్లకి ఇంకోటి.

వెరోనికా బోరిస్ కజిన్ మార్క్‌ని పెళ్లాడటం మాత్రం నాకు మింగుడుపడలేదు, ఆ మలుపుని హడావుడిగా దాటేశారు. 1958లో కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పామ్ డోర్ గెలిచిన సినిమా ఇది. నిడివి గంటన్నర పైచిలుకే. చివర్లో స్టేషన్‌లో ఆ పూలు చూశాక, వెంటనే ఇంకో సినిమా పెట్టుకోకండి.