మామయ్యను అడగండి, నన్ను కాదు

నాగార్జునసాగర్‌లో లాడ్జి గది బుక్ చేసింది మామయ్యే. ఫోన్ చేసి "కింది అంతస్తు కావాలి, వెస్టర్న్ కమోడ్ ఉండాలి, మంచం మరీ కిందికి ఉండొద్దు" అని ఒకటికి రెండుసార్లు చెప్పి, అడ్వాన్సు 500 కూడా ఆయనే పంపాడు. తీరా మేం వెళ్లి కౌంటర్ ముందు నిలబడితే మేనేజర్ మామయ్యను ఒకసారి కిందినుంచి పైదాకా చూశాడు, ఇక అక్కణ్నుంచి ప్రతి మాటా నాతోనే. "ఈయన పేరేంది? ఈయనకు ఏమైంది? మాటలు అర్థమైతయా?" మామయ్య నా పక్కనే ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. మర్రిగూడ మండలంలో పుట్టి, చిన్నప్పుడు ఊరి బావి నీళ్లు, తర్వాత బోరు నీళ్లు తాగి పెరిగిన మనిషి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, మా నల్లగొండలో అంతకు మించిన నీళ్లే గతి అయిన ఊళ్లు ఎన్నో ఉండేవి. ఏళ్ల తరబడి ఆ ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని మామయ్య కీళ్లు, వెన్నుపూస బిగుసుకుపోయాయి. నడుము ముందుకు వంగి అలాగే ఉండిపోయింది. మెడ తిరగదు, పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. గొంతుక్కూర్చోవడం అసలే కాదు, అందుకే ఆ కమోడ్ గురించి అన్నిసార్లు చెప్పడం. అది లేదని తెలిస్తే ఆ పూట ఆయన నీళ్లు తాగడం కూడా మానేస్తాడు.

ఇచ్చింది మొదటి అంతస్తు గది. లిఫ్టు లేదు. "కింది గదులు పెళ్లోళ్లకు ఇచ్చినం, ఇద్దరు పోరగాళ్లను పంపుత, ఎత్తుకపోతరు" అన్నాడు, సామాను సంగతి చెప్పినట్టు. నేను పైకెళ్లి చూస్తే బాత్రూంలో ఉన్నది ఇండియన్ టాయిలెట్. కిందికొచ్చి అదేంటని నిలదీస్తే ఆ మేనేజర్ అన్నాడు కదా, "ఇసొంటోళ్లను ఎందుకు తిప్పుతరమ్మా, ఇంట్ల ఉంచక." అక్కడ పెళ్లి చుట్టాలు ఓ నలుగురు ఉన్నారు, అందరూ విన్నారు. మా అమ్మకు కోపం ఎక్కువైతే నోట మాట రాదు, కొంగు బిగించి పట్టుకుని అలా నిలబడిపోయింది. మామయ్యే అన్నాడు: "నాకు నడుమే పట్టింది బాబూ, చెవులు మంచిగనే ఉన్నయ్. నా పైసల్తోనే తిరుగుతున్న."

గది 1,400. అడ్వాన్సు ఇచ్చిన 500లో క్యాన్సిలేషన్ కింద 200 కోసుకుని 300 తిరిగి ఇచ్చాడు, అవి కూడా నా చేతిలో పెట్టబోయాడు. నేను చేయి చాపలేదు. చివరికి మామయ్యకే ఇవ్వాల్సి వచ్చింది. నెలకు వచ్చే 4,016 పింఛన్లోంచి దాచుకున్న డబ్బు అది.

ఇలాంటి చోట్ల కౌంటర్ వెనక కూర్చునేవాళ్లకు ఒక సంగతి తెలియాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్న మనిషిని నలుగురిలో కావాలని కించపరిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా. నేను స్టేషన్‌కు పోదామనే అన్నాను. మామయ్య ఒప్పుకోలేదు. "అక్క పొద్దటి నుంచి ఏం తినలే, ముందు అన్నం తిందాం పా" అన్నాడు.

ఆ అన్నం గురించి కూడా చెప్పాలి. హిల్ కాలనీలో ఒక చిన్న మెస్, భోజనం 100, చేప పులుసు వేరే 60. నడిపే ఆమె మామయ్య లోపలికి రావడం చూసి, నా వైపు తిరగకుండా నేరుగా ఆయన్నే అడిగింది: "అన్నా, ఈ కుర్చీ సరిపోతదా, ఎత్తు చెయ్యాల్నా?" ఎత్తు కావాలన్నాడు. రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపి, కూర్చుని చూడమంది, చాలదంటే ఇంకోటి దోపింది. చారు గ్లాసులో పోయనా అని అడిగింది. చేపకు ముళ్లు తీయనా అని మాత్రం అడగలేదు, ఎందుకంటే ఆయన చేతులు బాగానే ఉన్నాయని కళ్లతో చూసింది కాబట్టి. అమ్మ మొహం అప్పుడు కాస్త తేరుకుంది, రెండోసారి పులుసు పోయించుకుంది. ఆ మెస్ ఆమే తెలిసినవాళ్ల గదులు చూపించింది, కింది అంతస్తు, వెస్టర్న్, 1,100. మంచం తక్కువ ఎత్తుంది కానీ ఆ ఇంటాయన ఇంకో పరుపు తెచ్చి వేసి "లేసి చూడు పెద్దన్నా, ఇబ్బందైతే ఇంకోటి ఏస్త" అని మామయ్య రెండుసార్లు లేచి కూర్చునేదాకా అక్కడే ఉన్నాడు. గది గోడలకు సున్నం రాలుతోంది, టీవీ పనిచేయదు. అయినా సాగర్ ఎప్పుడు వెళ్లినా నేను అక్కడే దిగుతాను.

మర్నాడు నాగార్జునకొండకు లాంచీ. ఎక్కే దగ్గర తోటి ప్రయాణికులు ఇద్దరు కుర్రాళ్లు, పాపం మంచి మనసుతోనే, చెరో పక్క చంకల కింద చేతులేసి ఒక్కసారి పైకి లేపారు. మామయ్య కెవ్వుమన్నాడు. బిగుసుకున్న వెన్నును అలా గుంజితే ప్రాణం పోయినంత నొప్పి. సాయం చేద్దామనుకునేవాళ్లు దయచేసి ముందు నోరు తెరిచి అడగండి, పట్టుకోవాలా, ఎక్కడ పట్టుకోవాలి అని. లాంచీలో పనిచేసే పెద్దాయన అదే చేశాడు, "ఎట్ల పట్టుకోమంటవే?" అన్నాడు. "నువ్వు పట్టుకోకు, నీ భుజమియ్యి" అన్నాడు మామయ్య. ఆయన ముందు నిలబడ్డాడు, మామయ్య ఆయన భుజం మీద చెయ్యేసి, కర్ర రెండో చేత్తో ఆనించి, తనంతట తనే ఎక్కాడు. కొంచెం టైం పట్టింది, అంతే.

కొండ మీద మ్యూజియంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి గురించి, లోయ మునిగిపోకముందు 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల గురించి ఆ కుర్రాళ్లకు వివరంగా చెప్పింది మామయ్యే. వాళ్లు వెనకాలే తిరిగారు, దిగేటప్పుడు అడిగి మరీ భుజమిచ్చారు.

తిరిగొచ్చాక డ్యాం కనిపించేచోట కారు ఆపించాడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు, ఎడమ కాలువ మిర్యాలగూడ మీదుగా ఖమ్మం వైపు పోయింది, మెట్ట మీదున్న మర్రిగూడకు మాత్రం రాలేదు. కృష్ణా నీళ్లు వాళ్లింటి నల్లాలోకి వచ్చేసరికి ఆయన నడుము ఎప్పుడో వంగిపోయింది. "నా చిన్నప్పుడే వచ్చి ఉంటే" అని ఆగిపోయాడు. అమ్మ తమ్ముడి వీపు మీద చెయ్యేసి నిమురుతూ ఉంది. డ్రైవర్ కూడా టైం అవుతోందని తొందర పెట్టలేదు.

మిగతా ప్రయాణం సాఫీగానే సాగింది. పోయేటప్పుడు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, రాతి గడప దగ్గర తప్ప ఇబ్బంది లేదు, గర్భగుడిలో లింగం వెనక కదలని నీడను మామయ్య మొత్తం ఒళ్లు తిప్పుకుని తిప్పుకుని చూశాడు. దేవరకొండ, కల్వకుర్తి మీదుగా మహబూబ్‌నగర్ వెళ్లి పిల్లలమర్రి చూసి వచ్చాం. కారుకు డీజిల్, డ్రైవర్ బత్తా అన్నీ కలిపి 8,200 అయింది. ఎక్స్‌ప్రెస్ బస్సులైతే అమ్మకు, నాకు ఆడవాళ్లకిచ్చే మహాలక్ష్మి ఉచిత టికెట్ ఉంది కానీ ఆ మెట్ల ఎత్తు మామయ్యకు కుదరదు.

లాడ్జివాళ్లు మంచం ఫొటో పంపుతామంటే అంతటితో ఆగకండి, బాత్రూం ఫొటో, వాకిట్లో మెట్ల ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి, పెట్టకపోతే అడ్వాన్సు పంపొద్దు. నల్లమలలో మల్లెల తీర్థం అందమైనదే కానీ దిగడానికి వందల మెట్లు, నడవలేనివాళ్లను బలవంతంగా మోసుకెళ్లకండి, ముందు వాళ్లకు రావాలని ఉందో లేదో కనుక్కోండి. దసరా తర్వాత కొల్లాపూర్ దగ్గరి సోమశిల పోదామంటున్నాడు మామయ్య. అక్కడ లాంచీ ఎక్కే దగ్గర మెట్లు ఎలా ఉన్నాయో, కింది అంతస్తులో వెస్టర్న్ ఉన్న గది ఎవరిస్తారో తెలిసినవాళ్లు చెప్పండి, నంబర్ ఇస్తే ఆయనే మాట్లాడుకుంటాడు.