పాత ఇంటి మీద అంతస్తు: మేస్త్రీ మాట సరిపోతుందా, ఇంజనీర్ కావాలా?

పోయినేడాది మా విజయవాడ ఇంటి మీద అంతస్తు వేసిన దగ్గర్నుంచి, ఎవరు ఫోన్ చేసినా ఇదే ప్రశ్న. "స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి అంత డబ్బు ఇవ్వడం అవసరమా? మేస్త్రీ చూసి చెప్పడా?" విడివిడిగా అందరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా కట్టుకునేవాళ్ళ లెక్క వేరు. ఇది పాత ఇంటి గురించి: పైన అంతస్తు వేయడం, గోడ తీసి హాలు పెంచడం, బీములో పగులు, శ్లాబు పెచ్చులూడటం, ఇలాంటివి.

ముందు మేస్త్రీ. మా ఇల్లు నాన్న 1997లో కట్టించారు. అప్పటి మేస్త్రీ గారికి ఇప్పుడు డెబ్బై దాటాయి, అయినా కబురు పెడితే వచ్చారు. డాబా ఎక్కి, మడమతో నాలుగు చోట్ల తొక్కి చూసి, "ఏం కాదు బాబూ, ఇంకో రెండంతస్తులు మోస్తుంది" అన్నారు. ఆయన పనితనం మీద నాకు అనుమానం లేదు, వెనక గదిలో కొంత మేర తప్ప ఇరవై ఏడేళ్ళలో ఆ శ్లాబు ఎక్కడా కారలేదు. కానీ డాబా తొక్కితే పునాది సంగతి ఎలా తెలుస్తుంది? అదే నన్ను పట్టుకుంది.

ఇంజనీర్ వచ్చి డాబా ఎక్కనే లేదు. వరండా పిల్లర్ మొదట్లో జానెడు మేర ప్లాస్టరింగ్ కొట్టించి, చువ్వలు బయటపడే దాకా చెక్కించారు. రెండు పిల్లర్ల పక్కన గుంటలు తీయించి ఫుటింగ్ (పిల్లర్ కింద భూమిలో ఉండే కాంక్రీటు దిమ్మ) కొలిచారు. అమ్మకు పూలకుండీలు కదిలించినందుకు కోపం వచ్చింది కానీ, బయటపడింది చూసి నాకు మాత్రం గుండె జారింది. తొమ్మిదంగుళాల పిల్లర్, అందులో నాలుగే 10 ఎంఎం చువ్వలు. కాంక్రీటు కట్టడాలకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం పిల్లర్ అడ్డుకోత వైశాల్యంలో ఇనుము కనీసం 0.8 శాతం ఉండాలి. 230 × 230 మి.మీ., అంటే మా తొమ్మిదంగుళాల పిల్లర్‌కి అది 423 చదరపు మి.మీ. అవుతుంది. మా నాలుగు చువ్వలూ కలిపితే 314. ఈ కూడికలు ఆయన మా డైనింగ్ టేబుల్ మీదే, కరెంటు బిల్లు వెనక వేసి చూపించారు. భూకంపాల కోసం పెట్టిన ఐఎస్ 13920 అయితే కొత్త పిల్లర్ 300 మి.మీ.కి తగ్గకూడదంటుంది, మన ఊళ్ళలో తొమ్మిదంగుళాల పిల్లర్లన్నీ అక్కడే ఫెయిలవుతాయి.

అలాగని మేస్త్రీని పక్కన పెట్టమనడం లేదు. గుంటలు తీస్తుంటే మేస్త్రీ గారు కాసేపు చూసి, "ఈశాన్యం పిల్లర్ దగ్గర కూడా తవ్వించండి, అక్కడ పాత బావి పూడ్చాం" అన్నారు. ఆ ముక్క ఏ డ్రాయింగులోనూ లేదు, నాన్న పోయాక తెలిసినవాళ్ళు కూడా ఆయన ఒక్కరే. తవ్వితే ఇటుక ముక్కలు, బూడిద. ఇంజనీర్ అప్పటిదాకా రాసుకున్న కాగితం పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. చివరికి ఆ మూల పైన గది లేకుండా ఖాళీ డాబాగా వదిలేయించారు. ఈశాన్యం ఖాళీగా ఉంటే వాస్తుకీ మంచిదని అమ్మ పూలకుండీల సంగతి మర్చిపోయింది.

నా మటుకు అసలు తేడా చదువులోనూ లేదు, అనుభవంలోనూ లేదు. మనం "సరే కట్టండి" అంటే మేస్త్రీకి పని దొరుకుతుంది, కాంట్రాక్టర్‌కి లాభం మిగులుతుంది. "కట్టొద్దు" అని చెప్పి కూడా ఫీజు తీసుకునేవాడు బయటి ఇంజనీర్ ఒక్కడే. ఇది వెనక గది శ్లాబు దగ్గర బాగా అర్థమైంది. పెచ్చులూడుతుంటే ఒక రిపేర్ కంపెనీ వాళ్ళు ఉచితంగా చూస్తామని వచ్చి, గదంతా కెమికల్ ట్రీట్‌మెంట్ అని 1,40,000 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు. ఇంజనీర్ చిన్న సుత్తితో శ్లాబంతా తట్టుకుంటూ పోయి, డొల్లగా మోగిన చోట సుద్దముక్కతో గీసుకుంటూ వచ్చారు. గీత మూసుకున్నాక చూస్తే చాపంత లేదు, సరిగ్గా డాబా మీద వాననీటి గొట్టం మూతి కింద. నీళ్ళు దిగి చువ్వలు తుప్పు పట్టాయి, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును తోసేసింది. ముందు గొట్టం మార్చి, ఆ తర్వాత అంతమేర చువ్వలు శుభ్రం చేసి కట్టుకోమన్నారు. మొత్తం కలిపి పదహారు వేలలో అయింది.

ఇంజనీర్ ఫీజు, గుంటలు, రిపోర్టు అంతా కలిపి నాకు 18,000 పడింది. అయితే ఇంజనీర్లలోనూ రకాలున్నారు. వాట్సాప్‌లో ఫొటోలు చూసి డ్రాయింగ్ పంపేవాళ్ళకి మాత్రం రూపాయి ఇవ్వకండి. పిల్లర్ చెక్కి చూస్తారా, రిపోర్టు మీద సంతకం పెడతారా, కాంక్రీటు పోసే ముందు రోజు వచ్చి ఇనుము చూస్తారా అని ముందే అడగండి. మా ఇంజనీర్ వచ్చారు. పిల్లర్ చువ్వల చుట్టూ కట్టే రింగుల కొసలు 90 డిగ్రీలకే వంచి ఉంటే, 135కి వంచి లోపలికి తిప్పేదాకా కదల్లేదు. రాడ్ బెండింగ్ కుర్రాళ్ళు సణుక్కుంటూనే ఒక పూటంతా కూర్చుని వంచారు.

ఆర్కిటెక్ట్ గదుల అమరిక, ఇంటి అందం చూస్తాడు, ఇక్కడ పెద్దగా పనిలేదు. మున్సిపాలిటీలో ప్లాన్ పెట్టే ఎల్‌టీపీ (లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్) పర్మిషన్ కోసం కావాలి, అంతవరకే.

చివరికి మేం ఏం చేశామంటే, ఆ ఈశాన్యం పిల్లర్ తప్ప మిగతా పిల్లర్లకు ఫుటింగ్ పెంచి, చుట్టూ నాలుగంగుళాల చొప్పున జాకెటింగ్ (పాత పిల్లర్‌కి కొత్త ఇనుము, కాంక్రీటుతో తొడుగు) చేయించి, పైన ఒక్క అంతస్తే వేశాం. మేస్త్రీ గారు చెప్పిన రెండోది వదిలేశాం. తొమ్మిదంగుళాల పిల్లర్ పదిహేడైంది. హాలు మూలలో ఉండే బీరువా ఇప్పుడు అక్కడ పట్టడం లేదని మా ఆవిడ రోజూ అంటూనే ఉంది.

ప్రతి పగులుకీ ఇంజనీర్ అక్కర్లేదు. ప్లాస్టరింగ్ మీద వెంట్రుకలాంటి గీతలు మేస్త్రీ చూసుకుంటాడు. బీము మీదో పిల్లర్ మీదో పగులు, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే పగులు అయితే ఆగకండి. అటూ ఇటూ తేలకపోతే పగులు రెండు కొసల దగ్గర పెన్సిల్‌తో అడ్డంగా గీత గీసి, పక్కన తేదీ వేయండి. గీత దాటి పాకిందంటే ఫోన్ చేయాల్సిందే. మా స్టోర్‌రూమ్ గోడ మీద ఆగస్టు 14 అని రాసి ఉంది. ఇప్పటికైతే దాటలేదు.