పొగ కడిగే ఓడా, ఆయిల్ మార్చే ఓడా?

"ఓడ తాగే ఆయిలుకు కూడా నేనే కట్టాల్నా అల్లుడూ?" చిత్తూరులో మామయ్య పల్ప్ ఫ్యాక్టరీకి వెళ్తే, కూర్చోకముందే వచ్చిన ప్రశ్న ఇది. ఆయన తోతాపురి పల్ప్ డ్రమ్ములు చెన్నై రేవులో ఓడెక్కి యూరప్ పోతాయి. బిల్లులో కిరాయి కింద ఇంధన సర్‌చార్జి అని ఇంకో వరుస ఉంది. నేను ఓడల్లో ఇంజినీర్‌ని కాబట్టి జవాబు నేనే చెప్పాలట.

2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో సల్ఫర్ 0.50 శాతం దాటకూడదు. అంతకు ముందు 3.50 దాకా చెల్లేది. ఓనర్ ముందున్న దారులు ముఖ్యంగా రెండు. ఖరీదైన తక్కువ సల్ఫర్ ఆయిల్ కొనడం ఒకటి. పాత చవక ఆయిలే కాల్చి, పొగగొట్టంలో స్క్రబ్బర్ అనే యంత్రం పెట్టి పొగను కడగడం ఇంకోటి. ఏ దారైనా ఆ ఖర్చు తిరిగి మామయ్య బిల్లుకే ఎక్కుతుంది. ఎల్‌ఎన్‌జీ, అంటే ద్రవంగా మార్చిన సహజ వాయువు, కొత్తగా కట్టే ఓడలకు సరే, తిరుగుతున్న ఓడలో ఆ ట్యాంకులకు చోటెక్కడ?

డబ్బు లెక్క చూస్తే పెద్ద ఓడకు స్క్రబ్బరే లాభం. పెట్టించడానికి లక్షల డాలర్లవుతాయి, కానీ 2020 మొదట్లో రెండు ఆయిళ్ల మధ్య టన్నుకు సుమారు 300 డాలర్ల తేడా ఉండేది. కోవిడ్ రాగానే ఆ తేడా కరిగిపోయి, పెట్టించినవాళ్లు తల పట్టుకున్నారు.

తక్కువ సల్ఫర్ ఆయిలుతో తలనొప్పి మాది, ఇంజిన్ రూమ్ వాళ్లది. ఒక రేవులో కొన్నది ఇంకో రేవులో కొన్నదానితో కలిస్తే పాలు విరిగినట్టు విరిగి, అడుగున జిడ్డు చేరుతుంది. ఫిల్టర్లు విప్పి కడిగీ కడిగీ చేతులు నల్లబడతాయి. కొన్ని రకాలు చలికి నెయ్యిలా పేరుకుంటాయి.

అసలు టెన్షన్ 0.10 శాతం హద్దున్న సముద్రాల్లో. ఉత్తర సముద్రంలో 2015 నుంచీ ఇదే రూలు, 2025 మే 1 నుంచి మధ్యధరాలోనూ వచ్చింది. స్క్రబ్బర్ లేని ఓడైతే అక్కడికి చేరేలోపు గ్యాసాయిల్‌కు, అంటే డీజిల్ లాంటి పల్చటి ఆయిలుకు, మారాలి. చిక్కటి ఆయిల్ పంపులోకి 130 డిగ్రీల దాకా వేడితో వెళ్తుంది, గ్యాసాయిల్‌కు 40 చాలు. నిమిషానికి రెండు డిగ్రీలకు మించి దించితే పంపులో ఆయిల్‌ను నెట్టే ప్లంజర్ బిగుసుకుపోవచ్చు. వేడి పెనం మీద నీళ్లు చల్లకూడదు కదా, అలాగన్నమాట. ఒకసారి మార్పు సవ్యంగానే ముగిసింది, తీరా రేవులోకి దారి చూపే పైలట్ ఓడెక్కే వేళకు ఇంజిన్ స్టార్ట్ కాలేదు. పల్చటి గ్యాసాయిల్ అరిగిన పంపుల్లోంచి జారిపోతోంది. ఆయిల్ మోతాదు పెంచి మూడోసారి తిప్పితే అందుకుంది. ఆ పది నిమిషాలూ చీఫ్ ఇంజినీర్ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంత పడ్డాక కూడా నా ఓటు తక్కువ సల్ఫర్ ఆయిలుకే. స్క్రబ్బర్లలో ఎక్కువ భాగం సముద్రపు నీళ్లు పట్టి, పొగ కడిగి, ఆ పుల్లటి నీళ్లను తిరిగి సముద్రంలోకే వదులుతాయి. గాల్లో పోయేది నీళ్లలో పోతోంది, అంతే తేడా. సింగపూర్ తన రేవులో ఆ నీళ్లను 2020 నుంచే వదలనివ్వడం లేదు. పంపులు అరిగిన పాత ఓడైతే మాత్రం ముందు పంపులు మార్చండి, ఆయిల్ సంగతి తర్వాత.

మామయ్య అంతా విని అడిగాడు: "నా డ్రమ్ములు ఏ రకం ఓడలో పోతాయో నాకు చెప్తారా?"

"చెప్పరు మామా."

బిల్లు మడిచి ఫైల్లో పెట్టాడు.