బరంపురంలో ప్రొజెక్టర్ రిపేర్: మా నాన్న మెషీన్ మళ్లీ బొమ్మ వేసింది

మా నాన్న పర్లాకిమిడి చుట్టుపక్కల టూరింగ్ టాకీసుల్లో ఆపరేటర్‌గా చేశారు. ఆయన 35 ఎం.ఎం. ప్రొజెక్టర్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. బొమ్మ ఎగురుతోందని రెండేళ్ల కిందట ఒకచోట ఇస్తే స్ప్రాకెట్ (ఫిల్ముని లాగే పళ్ల చక్రం) మార్చి పంపారు. ఎగరడం తగ్గింది గానీ టైటిల్స్‌లో తెల్ల అక్షరాలన్నిటికీ తోకలు మొదలయ్యాయి. మళ్లీ వెళ్లి అడిగితే "పాత మెషీన్ కదా, ఇంతే" అన్నారు. నాన్నకి ఆ మాట చెప్పలేకపోయాను.

ఈసారి హెడ్డు (ఫిల్ము నడిచే భాగం) ఒక్కటే విప్పి, దుప్పట్లో చుట్టి, బస్సులో బరంపురం తీసుకెళ్లాను. షాపుకి బోర్డు లేదు. ముందు గదిలో ఫ్యాన్లు, మిక్సీల వైండింగ్, ప్రొజెక్టర్లన్నీ వెనక గదిలో. మేస్త్రి గారు నా రీలు ఎక్కించి టైటిల్స్ వరకే చూసి ఆపేశారు. "పార్ట్ ఏం పోలేదు బాబూ, షట్టర్ టైమింగ్ తప్పింది" అన్నారు. సెకనుకి 24 ఫ్రేములు, ప్రతి ఫ్రేమూ గేటు (ఫిల్ము మీద లైటు పడే చోటు) దగ్గర ఆగి కిందికి దిగాలి, దిగేటప్పుడు షట్టర్ లైటుని పూర్తిగా మూసేయాలి. అది కాస్త ముందో వెనకో అయితే కదులుతున్న ఫిల్ము కూడా తెర మీద పడి తోకలా కనిపిస్తుంది, ఆ తోక పైకి ఉందా కిందికి ఉందా చూసి షట్టర్ ఎటు తిప్పాలో చెప్పొచ్చట. స్ప్రాకెట్ మార్చినవాళ్లు దాన్ని సరిచూడకుండా బిగించేశారు, అంతే! చేత్తో మెల్లగా తిప్పి చూసుకుంటూ సెట్ చేయడానికి ఆయనకి గంట పట్టింది.

నాకు బాగా నచ్చింది గేటు శుభ్రం చేసిన తీరు. పేరుకున్న మడ్డిని స్క్రూడ్రైవర్‌తో గీకలేదు, వెదురు పుల్లతో తీశారు. గేటు మీద గీత పడితే ఆ గీత ప్రతి రీలు మీదా పడుతుంది మరి. ఆయిల్ కూడా చుక్కలు లెక్కపెట్టి వేశారు, ఎక్కువైతే ఫిల్ముకి అంటి సౌండ్ కూడా మందగిస్తుందన్నారు.

3,500 తీసుకున్నారు, బిల్లు ఇవ్వలేదు. వారం అని చెప్పి మూడు వారాలు చేశారు, ఫోన్ ఎత్తరు, ఇది మాత్రం మార్చుకోవాలి. లెన్స్‌లో బూజు కూడా అలాగే ఉంది, విప్పితే మళ్లీ సరిగా కూర్చోబెట్టే పనిముట్టు తన దగ్గర లేదని ముందే చెప్పేశారు.

మీరు వెళ్తే టైటిల్స్ ఉన్న రీలు ఒకటి తప్పకుండా పట్టుకెళ్లండి. మా ఇంట్లో వేసింది 1000 అడుగుల రీలు, 11 నిమిషాలు, నాన్న కుర్చీ తెర పక్కకి కాకుండా మెషీన్ పక్కకి లాక్కుని కూర్చుని మొత్తం చప్పుడు విన్నారు.