హవాయి పచ్చ ఇసుక బీచ్: ట్రక్కు ఎక్కకండి, నడవండి

పపకోలియా బీచ్‌కి వెళ్ళాలనుకునే తెలుగువాళ్ళకి ముందే చెప్తున్నా, నడవగలిగితే నడిచే వెళ్ళండి. మేం ట్రక్కు ఎక్కి తప్పు చేశాం.

హవాయి బిగ్ ఐలాండ్‌కి దక్షిణపు కొసన ఉంటుందీ బీచ్. కోనా నుంచి కారులో 2 గంటలు పట్టింది. కారు ఆపిన చోటు నుంచి రెండున్నర మైళ్ళ పైనే వెళ్ళాలి. రోడ్డు లేదు, నీడ లేదు, మంచినీళ్ళు లేవు. అక్కడ పికప్ ట్రక్కులవాళ్ళు రానూపోనూ మనిషికి 20 డాలర్లన్నారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. నలుగురికి 80 డాలర్లు క్యాష్ ఇచ్చి ఎక్కాం. వెనక తొట్టిలో కడ్డీ పట్టుకుని అరగంట కుదుపులు, ఒళ్ళంతా ఎర్ర దుమ్ము. ట్రక్కు వద్దని పొద్దున్నే అన్న మావారు దారంతా నోరు విప్పలేదు.

గంటలో వస్తానన్న డ్రైవర్ రెండు గంటలైనా రాలేదు. ఇంకో ట్రక్కతను మళ్ళీ తలకి 10 డాలర్లు అడిగాడు. అత్తయ్యగారినీ మావారినీ ఎక్కించి, నేనూ మా అబ్బాయీ నడిచాం. గంటంబావు. పక్కనే సముద్రం, వీపు మీద తోసే గాలి, ఎంత బాగుందో! ట్రక్కుల చక్రాలకి ఆ నేల ఎంత లోతుగా కోసుకుపోయిందో కూడా అప్పుడే చూశాను. హవాయి మూలవాసుల కోసం కేటాయించిన భూమి అది. మా 80 డాలర్లూ ఆ చక్రాల గాడుల్లోకే పోయాయనిపించి బాధేసింది.

బీచ్ మాత్రం అద్భుతం. పైనుంచి చూస్తే పెసరపొట్టు రంగు. అరచేతిలో పోసుకుంటే గాజుపొడిలా మెరిసే ఆకుపచ్చ రేణువులు. ఒలివిన్ అనే ఖనిజం అది. పాత అగ్నిపర్వతపు గుట్టని అలలు కోస్తుంటే తేలికైన బూడిద కొట్టుకుపోయి, బరువైన ఒలివిన్ ఒడ్డున మిగిలిపోతుంది. అలలు ఉధృతంగా ఉన్నాయి, ఈతకి దిగలేదు.

చివరి దిగుడు నిటారు. అత్తయ్యగారు దిగలేక పైనే కూర్చుండిపోయారు. మా అబ్బాయి గుప్పెడు ఇసుక పైకి తెచ్చి ఆవిడ దోసిట్లో పోశాడు. "రామేశ్వరం ఇసుక తీసుకెళ్ళి కాశీలో గంగలో కలిపాం. ఇది కూడా కొంచెం దేవుడి గదిలో పెట్టుకుందామా?" అన్నారు. ఇక్కడ ఇసుక తీసుకెళ్ళకూడదు నానమ్మా అన్నాడు వాడు. ఆవిడ ఇంకాసేపు ఎండకి తిప్పి తిప్పి చూసుకుని, ఒక్క రేణువు పోకుండా వాడి చేతుల్లో పోశారు. వాడు మళ్ళీ కిందికి దిగి ఒడ్డున కలిపి వచ్చాడు.